గ్విడిర్ దివాణము – దాని దొరలు



గ్రేట్ బ్రిటను దీవికి పడమటి వైపున వేల్సు అను చిన్న దేశము కలదు. అది ఇంగ్లండును ఆనుకొనియే యున్నను అచటి ప్రజలు వేఱు, వారి భాష వేఱు. వేల్సు భాషను విన్న ఇంగ్లీషువానికి ఒక్క ముక్కయు బోధపడదు. ఆ దేశపు ఉత్తరభాగమున కొండల నడుమ పాఱి సముద్రమున కలియు కాన్వీ యను నది యున్నది. దాని తూర్పు గట్టున లాన్రూస్ట్ అను సంతయూరు. పడమటి గట్టున, ఊరికెదురుగా, కొండపాదమున గ్విడిర్ అను రాతిమేడ. ఐదువందల యేండ్ల నాటి కట్టడమది. అచటివారు దానిని కోట యని పిలుతురు గాని అది నిజమునకు కోట కాదు. భూస్వామి కాపురముండి, కౌలు వసూలు చేసికొనుచు, తగవులు తీర్చుచు, అవసరమైనప్పుడు తలుపులు బిగించుకొని శత్రువుల నెదిరింపదగిన యిల్లు. మనవారు దివాణ మనునట్టిది.

రాజుల కోటలను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. దివాణముల కథలు వేఱొక రుచి గలవి. వానిలో యుద్ధములకంటె పంపకములు, పెండ్లిండ్లు, కౌలుపత్రములు, వ్యాజ్యములు మెండు. గ్విడిర్ దొరలలో నొకనికిని, ఆ జమీలో పుట్టిన ఒక రైతుబిడ్డకును నడిచిన వివాద మొకటి యున్నది. ఈ ప్రసంగమునకు అదియే ముఖ్యవిషయము. దానికి ముందు ఆ వంశమువారు ఆ యేటి యొడ్డునకు ఎట్లు వచ్చిరో చెప్పవలెను.

వేల్సు దేశపు ప్రాచీన ధర్మశాస్త్రమున తండ్రి భూమి కొడుకులందఱకును సమానముగ చెందును. తండ్రి ఒప్పుకొన్నచో వివాహేతర సంతానమునకు సైతము భాగము కలదు. పంచుటలో వారికొక చక్కని నియమముండెను. భూమిని భాగములుగ విడదీయువాడు కనిష్ఠుడు. మొదట ఏఱుకొనువాడు జ్యేష్ఠుడు. తనకు మిగులునది యేదో తెలియనివాడు వంకరగా పంచడు గదా! ఇంత న్యాయముగ పంచినను తరతరమునకు భాగములు చిన్నవయ్యెను, గట్లు పెరిగెను, గట్లతో దాయాదుల వైరములును పెరిగెను. ఈ మాట మీకు నేను వివరింప బనిలేదు.

15వ శతాబ్దమున ఐవియొనిథ్ అను సీమలో మెరెడిత్ ఆప్ యేవాన్ ఆప్ రాబర్ట్ అను నతడుండెను. ‘ఆప్’ అనగా కుమారుడు. రాబర్టు కుమారుడైన యేవానునకు కుమారుడని ఆ పేరున కర్థము. ఆనాటి వేల్సువారికి ఇంటిపేరులు లేవు. పేరు చెప్పినంతనే ప్రవర చెప్పినట్లయ్యెడిది. ఈ మెరెడిత్ బంధువులు ఒకరి నొకరు చంపుకొనుచుండిరి. ఆ సీమలోనే నిలిచినచో తాను తన దాయాదిని చంపవలసి వచ్చును, లేదా దాయాది చేత చావవలసి వచ్చును అని యతడు తలపోసెను. అన్యులైన దొంగలతో పోరాడుట స్వజనముతో పోరాడుటకంటె మేలని నిశ్చయించి, కాన్వీ లోయకు ఎగువనున్న డోల్వితెలన్ అను పాత కోటను కౌలునకు దీసికొని అచటికి తరలిపోయెను.

దొంగలనుట ఉత్త మాట కాదు. 1400లో ఓవైన్ గ్లిన్డూర్ అను వేల్సు వీరుడు ఇంగ్లండు రాజుపై తిరుగబడగా నడచిన పోరులో ఆ లోయ పాడయ్యెను. తరువాత ఇంగ్లండు సింహాసనమునకై రెండు రాజకుటుంబములు కలహించుకొనిన కాలమున, 1468లో, మరల అగ్నికాహుతి యయ్యెను. లాన్రూస్ట్ సంతబయలులో గడ్డి మొలచెననియు, చర్చి యావరణలో లేళ్లు తిరిగెననియు చెప్పుకొనిరి. చెంతనే ఒక మఠపు భూమి యుండెను. దానిలో అడుగిడినవానిని రాజభటులు పట్టుకొనరాదు. ఆ శరణాలయమే హంతకులకును దోపిడికాండ్రకును నెలవయ్యెను. మెరెడిత్ ఆదివారమున చర్చికి పోవునపుడు ఇల్లు బిగించి, బలవంతులను కాపుంచి, ఇల్లును చర్చియు రెండును కనబడు బండమీద ఒక కావలివానిని నిలిపెడివాడట. ఎత్తరులైన విలుకాండ్రను వెదకి తెచ్చి వారిని కౌలుదారులుగా నిలిపెను. అట్టివారు అతనికి నూట నలుబదిమంది యుండిరట. వారు పన్ను కట్టుటతో బాటు, కేక వినబడినంతనే విల్లుతో రావలెను.

లోయ కొంత నెమ్మదించిన పిమ్మట మెరెడిత్ దిగువకు వచ్చి, సుమారు 1500 ప్రాంతమున, కోయిట్మోర్ వంశమువారి నుండి గ్విడిర్ భూమిని కొని, నేటి దివాణములోని మొదటి సభాశాలను గట్టించెను. 1525లో చనిపోయెను. ఈ వృత్తాంతమంతయు అతని మునిమనుమడు వ్రాసిన గ్రంథమునుండియే మనకు తెలియవచ్చుచున్నది. మునిమనుమడు ముత్తాతను గూర్చి వ్రాయునపుడు కొంత వన్నె చేర్చుట సహజము. అయినను దాయాదులకు భయపడి వలసవచ్చిన మాటను అతడు దాచలేదు. కావున నమ్మదగినదని నా యభిప్రాయము.

మెరెడిత్ కొడుకు జాన్ విన్ నాటికి లోకము మారెను. 1536లో ఇంగ్లండు రాజగు 8వ హెన్రీ వేల్సును ఇంగ్లండుతో కలుపుచు చట్టము చేసెను. ఆ చట్టమునకు రెండు ముఖములు. ఒకటి: న్యాయస్థానములన్నియు ఇంగ్లీషున నడువవలెను, వేల్సు భాషనే వాడుకొనువానికి ఉద్యోగము లేదు. రెండవది, 1543 నాటి చట్టముతో పూర్తియైనది: భూమిని కొడుకులందఱకును పంచు ఆచారము రద్దై, జ్యేష్ఠునికే యాస్తి యంతయు చెందు ఇంగ్లీషు పద్ధతి వచ్చెను. భాష విషయమున నష్టపడిన వేల్సు ప్రభువులు భూమి విషయమున లాభపడిరి, కావున నోరెత్తలేదు. అదే కాలమున హెన్రీ మఠములను మూయించి వాని యాస్తులను పట్టుకొనెను. 1537లో మూతపడిన మేనన్ మఠపు రాళ్లు గ్విడిర్ గోడలలో చేరినవి. నేటికిని అచటి చెక్కడపు రాళ్లను చూచినవారు అవి ఇంటికొఱకు చెక్కినవి కావని గుర్తింతురు. ‘విన్’ అనునది అప్పటినుండి వంశమునకు ఇంటిపేరై నిలిచెను.

జాన్ విన్ కొడుకు మారిస్. ఇతనిని గూర్చి చెప్పదగినది ఒక్క పెండ్లిముచ్చట. బెరేన్ కాథరిన్ అను సంపన్నురాలి మొదటి భర్త చనిపోగా, శవమును సాగనంపి చర్చినుండి మరలి వచ్చుచుండగనే మారిస్ ఆమెను తన్ను పెండ్లాడుమని కోరెనట. ‘చర్చిలోనికి పోవునపుడే రిచర్డు క్లఫ్ అడిగెను, అతనికి మాట యిచ్చితిని, అతడును పోయినచో మూడవ తడవ మీకే’ అని ఆమె బదులు చెప్పెనట. నిజమో కల్పనయో గాని, క్లఫ్ అను వర్తకుడు ఆమెకు రెండవ భర్తయై చనిపోయిన మాటయు, మూడవ భర్తగా ఆమె గ్విడిరుకు వచ్చిన మాటయు సత్యము. మారిస్ పిదప నాలుగవ వాడు గూడ నుండెను. నాలుగు వంశములతో చుట్టరికము గల ఆమెను వేల్సు దేశపు తల్లి యందురు.

మారిస్ 1580లో చనిపోగా మొదటి భార్య కొడుకు జాన్ విన్ దొరయయ్యెను. 1553లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, లండనులో న్యాయశాస్త్ర మభ్యసించిన దొడ్డ బుద్ధిశాలి. పార్లమెంటు సభ్యుడయ్యెను, 1606లో ‘సర్’ బిరుదును, 1611లో బారనెట్ అను వంశపారంపర్య బిరుదును పొందెను. గనులు త్రవ్వించుట, సముద్రపు టిసుకమేటలను పొలములుగ మార్చుట మున్నగు పెద్ద యాలోచనలు చేసెను. ముత్తాత విలుకాండ్రతో సాధించినదానిని ఇతడు పత్రములతో సాధించెను. సరిహద్దు తగవు, గడువు మీరిన కౌలు, ఋణపత్రము, ఇవియే యతని బాణములు.

ఇక రైతుబిడ్డ కథ. గ్విడిరునకు కొన్ని మైళ్ల దూరమున, కొండలలో, విబర్నాంట్ అను చిన్న లోయ కలదు. అచట తీ మౌర్ అను సేద్యగాని యిల్లు. తీ మౌర్ అనగా పెద్ద యిల్లు. పేరేగాని అది చిన్న రాతియిల్లే. అందు గ్విడిర్ కౌలుదారుని కుమారుడు విలియం మార్గను 1545లో పుట్టెను. బాలుడు చురుకైనవాడగుటచే గ్విడిర్ దివాణమున దొరబిడ్డలకు పాఠము చెప్పు గురువువద్ద చదువుకొన్నాడని చెప్పుదురు. అచటినుండి కేంబ్రిడ్జికి పోయి, లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలందు పండితుడై, మతాచార్యుడై, 1578లో లాన్రేయడర్ అను కొండయూరి చర్చికి వచ్చెను.

ఆనాడు వేల్సు ప్రజలకు చర్చిలో వినబడు భాష తెలియదు. మొదట లాటిను, పిదప ఇంగ్లీషు. రెండును వారికి సమానమే. 1563లో పార్లమెంటు బైబిలును వేల్సు భాషలోనికి తేవలెనని శాసించెను. ఆ శాసనములో నొక చమత్కార మున్నది. రెండు భాషల గ్రంథములను చర్చిలో ప్రక్కప్రక్కన ఉంచినచో ప్రజలు పోల్చి చూచుకొని ఇంగ్లీషు నేర్తురని దాని యుద్దేశము! 1567లో విలియం సేల్స్‌బరి ముఖ్యముగ పూనుకొని కొత్త నిబంధనను అచ్చువేయించెను. ఈయనయు లాన్రూస్ట్ ప్రాంతపువాడే, గొప్ప విద్వాంసుడు. కాని పదములను పలుకుబడి ననుసరించి గాక లాటిను వ్యుత్పత్తి ననుసరించి వ్రాసెను. కావున పురోహితులు చదువుటకు తడబడిరి, జనులు వినుటకు విసిగిరి. వ్యుత్పత్తిపై మక్కువ యెక్కువైన పండితుని చేతిలో భాష పడు పాటు మనవారికి క్రొత్త గాదు.

మార్గను ఆ పని మరల ఎత్తుకొనెను. చర్చిలోని కొందఱు గ్రామస్థులతో వ్యాజ్యములు నడుచుచుండగనే, పాత నిబంధననంతయు హీబ్రూ మూలమునుండి తర్జుమా చేసి, సేల్స్‌బరి కొత్త నిబంధనను దిద్ది, వ్రాతను సుగమము చేసెను. లండనులోని అచ్చుపనివారికి వేల్సు భాష తెలియదు. అందుచే మార్గను స్వయముగ అచటికి పోయి, వెస్ట్‌మినిస్టరు చర్చి ప్రధానాచార్యుడగు గేబ్రియేలు గుడ్‌మను ఇంట సుమారొక సంవత్సరము బసచేసి అచ్చుప్రతులు దిద్దెను. 1588లో గ్రంథము వెలువడెను. వేల్సు కవులు ఎంతో కాలముగ కాపాడుకొనిన ప్రౌఢమైన భాషను తీసికొని దానిని అందఱు వినదగిన వచనముగ మలచెనని ఆ భాష నెఱిగినవా రందురు. కొలువులోను కచ్చేరిలోను స్థానము పోగొట్టుకొనిన భాషకు దేవాలయమున పీఠము దొరకెను.

1601లో మార్గను సెయింట్ ఆసఫ్ అను పీఠమునకు బిషప్పయ్యెను. లాన్రూస్ట్ చర్చి ఆ పీఠము క్రిందిదే. ఇచటనే గ్విడిరుతో చిక్కు వచ్చెను. ఆ కాలమున ప్రతి రైతును తన పంటలో, గొఱ్ఱెపిల్లలలో, ఉన్నిలో పదవ వంతు చర్చి కీయవలెను. చర్చివారు ఆ దశమభాగమును వసూలుచేసికొను హక్కును ఒక్కొక్కప్పుడు భూస్వామికి కౌలు కిచ్చెడివారు. భూస్వామి చర్చికి నిర్ణీతమైన స్వల్పపు పైకము చెల్లించి తక్కిన ధాన్యమంతయు తన గాదెకు తోలుకొనును. దేవాలయ మాన్యములను తక్కువ మక్తాకు పట్టుట ఎఱిగినవారికి దీని లోతు తెలియును. లాన్రూస్ట్ దశమభాగపు కౌలు తనకిమ్మని జాన్ విన్ అడిగెను. బిషప్పు ఇయ్యననెను.

1603, 1604 సంవత్సరములలో ఇరువురి నడుమ నడిచిన లేఖలు గ్విడిర్ కాగితములలో నిలిచియున్నవి. అబెరిస్ట్‌విత్ నగరమందలి వేల్సు జాతీయ గ్రంథాలయమున వానిని చూడవచ్చును. జాన్ విన్ కోపమునకు కారణము ధాన్యము మాత్రమే కాదు. నీవు మా యింటివాడవు, లాన్రేయడర్ వ్యాజ్యములో నేను నీకు దన్నుగ నిలిచితిని, ఇప్పుడు కృతఘ్నుడవై నామాట త్రోసితివి, అని యతని నిష్ఠురము. మార్గను జవాబు వేఱు విధము. చేసిన సాయమును మఱువలేదు, ఋణము తీర్చుకొనుటకు సిద్ధమే. కాని ఈ కౌలిచ్చినచో బోధకుల జీవనమును తీసి దొర కిచ్చినట్లగును, దానికి నా యంతరాత్మ ఒప్పదు, అని దాని సారము. సొంత సొత్తయినచో ఇచ్చియుండును. చర్చి సొత్తు తనది కాదు.

ఇందు న్యాయమెటున్నదని నన్నడిగినచో, లేఖలను బట్టి బిషప్పు వైపే యని చెప్పుదును. అయినను దొర మనస్సు నాకు అర్థము కాకపోలేదు. చదువుకు దోవ చూపిన యింటి మాట చదువుకొన్నవాడు కాదనుట ఏ కాలమున నైనను గుచ్చుకొనెడిదే. దొర మఱచినది ఒక్కటి: చదువు చెప్పించుట వేఱు, చదివినవానిని కొనుట వేఱు.

వివాదము పచ్చిగ నుండగనే మార్గను 1604 సెప్టెంబరు 10న చనిపోయెను. దొర మఱి ఇరువదిరెండేండ్లు బ్రదికెను. తన సీమలోని ప్రముఖులను గూర్చి అతడు వ్రాసిన సంగతులలో మార్గను పేరును చేర్చెను. ఆ కొన్ని వాక్యములు మిక్కిలి విచిత్రమైనవి. మార్గను పూర్వులు గ్విడిరు కూడిగము చేసినవారని యెత్తిపొడిచెను. బైబిలు పనిలో ఇతరుల శ్రమను వాడుకొని పేరంతయు తానే కొట్టెననెను. అయినను గ్రీకు హీబ్రూలలో గట్టి పండితుడని యొప్పుకొనెను. పాడుపడిన సెయింట్ ఆసఫ్ చర్చి గర్భాలయమునకు పలకఱాళ్ల కప్పు వేయించెనని చెప్పెను. పేదవాడుగ చనిపోయెనని ముగించెను. శత్రువు వ్రాసిన ఈ తుదిమాటకంటె మంచి సాక్ష్యము మఱి యెవరు చెప్పగలరు?

సర్ జాన్ చెడ్డవాడే యనుట సరికాదు. లాన్రూస్టులో 1610 ప్రాంతమున ఒక పాఠశాలను, వృద్ధులైన పేదలకు ఒక ధర్మశాలను స్థాపించెను. కాని 1615లో, కౌలుదారులను పీడించెనను నేరారోపణలపై సరిహద్దు సీమల రాజసభ విచారణ జరిపి యతనిని మందలించెను. అతడు 1627 మార్చి 1వ తేదిన చనిపోయెను. చేసిన పాపములు కడుగుకొనుటకై అతని యాత్మ సమీపమందలి రయడర్ యివినాల్ అను జలపాతము క్రింద బంధింపబడి యున్నదని చుట్టుపట్ల రైతులు చిరకాలము చెప్పుకొనిరి. రాజసభ మందలింపుకంటె ఈ తీర్పు కఠినమైనది.

అతని వంశచరిత్ర గ్రంథము 1770లో గాని అచ్చుకాలేదు. 1170లో చనిపోయిన ఓవైన్ గ్వినెడ్ అను వేల్సు రాజునుండి తన వంశమును దింపుకొని వచ్చి, అట్టి వంశము తనదని గర్వపడిన ఆ దొర, ఆ గ్రంథమును వేల్సు భాషలో వ్రాయలేదు, ఇంగ్లీషున వ్రాసెను. కొడుకులకు జాబులును ఇంగ్లీషుననే.

ఆ కొడుకుల కాలమున వైభవమునకు లోటు లేదు. పెద్దవాడు 1614లో ఇటలీ దేశమున చనిపోగా రెండవవాడు సర్ రిచర్డు దొరయై, ఇంగ్లండు రాణి హెన్రియెట్టా మేరియాకు కోశాధికారిగ నుండెను. లాన్రూస్ట్ చర్చి ప్రక్కన 1633, 1634లలో గ్విడిర్ ప్రార్థనామందిరమును గట్టించెను. 1240లో చనిపోయిన లెవెలిన్ మహారాజు రాతి శవపేటిక నేడచట నున్నది. దివాణములోని భోజనశాలకు చెక్కిన చెక్కపలకల తాపడమును, రంగులద్దిన తోలు పట్టీయు 1640 దశకమున నమర్చిరి. కాని రిచర్డునకు సంతానము లేదు. తమ్ముడు ఓవెన్, అతని కొడుకు మరియొక రిచర్డు. ఆ రిచర్డు 1674లో చనిపోవునాటికి ఉన్నది కూతురు మేరీ యొక్కతె. బిరుదు ఒక జ్ఞాతికి పోయెను. భూములును దివాణమును మేరీతో పోయెను. ఆమె 1678లో ఒక ఇంగ్లీషు ప్రభువును పెండ్లాడెను. భూమి ముక్కలు కాకుండ జ్యేష్ఠునికే చెందవలెనని తెచ్చుకొన్న పద్ధతి, నూటముప్పదియైదేండ్లకు ఆ భూమినంతయు ఒకేసారి పరాయివారి చేతిలో పెట్టెను.

తరువాతి రెండున్నర శతాబ్దములు త్వరగా చెప్పవచ్చును. దొరలు ఇంగ్లండులో నుండిరి. కౌలు మాత్రము అటు పోవుచుండెను. ఈ పరంపరలోని అల్లుడొకడు 1796లో గ్విడిర్ ప్రభువను బిరుదు పొందగా అతని పేర ఆస్ట్రేలియాలో నొక నది వెలసెను. దివాణములో కొంతభాగమును 19వ శతాబ్దపు తొలినాళ్లలో పడగొట్టిరి. 1921లో వేలము వేసిరి. భోజనశాల చెక్కపనిని అమెరికా దేశపు పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ కొనగా, గోడలనుండి ఊడదీసి పెట్టెలలో బంధించి ఓడకెక్కించిరి. మఱుసటి యేడు దివాణము అగ్నిప్రమాదమున కాలి కప్పులేని గోడలు నిలిచెను. 1940 దశకమున నొక గృహస్థు దానిని కొని చాలవఱకు నిలబెట్టెను.

ఈ నడుమ మార్గను గ్రంథమేమయ్యెను? 1620లో బిషప్పు రిచర్డు పారీయు, డాక్టరు జాన్ డేవిసును దానిని పరిష్కరించిరి. 1630లో ఐదు షిల్లింగుల వెలకు చిన్న ప్రతి వచ్చెను. అప్పటినుండి అది చర్చిలోనే గాక సేద్యగాండ్ర యిండ్లలోను చోటుచేసికొనెను. 1731 ప్రాంతమున గ్రిఫిత్ జోన్స్ అను మతాచార్యుడు సంచార పాఠశాలలు నెలకొల్పెను. పొలముపనులు తగ్గిన చలికాలమున ఒక యూర మూడు నెలలు బడి. అక్షరములు వచ్చిన పిదప ఉపాధ్యాయుడు మఱియొక యూరికి పోవును. పిల్లలును, తాతలును ఒకే బల్లమీద కూర్చుండి చదివిరి. వారికి వాచకము ఈ బైబిలే. నలుబదేండ్లలోపల ఇట్లు చదువ నేర్చినవారు రెండులక్షలకు పైబడిరని లెక్క. ఉపాధ్యాయుడనై కాలము గడపినవాడను గనుక, గ్విడిర్ భోజనశాలకంటె ఈ మూడునెలల బడియే నాకు మనోహరముగ దోచును.

1994లో పడిపోవుచుండిన దివాణమును యువదంపతులు కొనిరి. పోయిన భోజనశాలకొఱకు వెదకగా, హర్‌స్ట్ అనంతరము అది న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియము గిడ్డంగిలో పెట్టెలలోనే యున్నట్లు తేలెను. 1996లో దానిని కొని తెచ్చి మరల ఆ గోడలకే బిగించిరి. 1998లో, అప్పటికి యువరాజుగ నుండిన చార్లెసు వచ్చి ఆ గదిని తెఱిచెను. విబర్నాంటులోని చిన్న రాతియిల్లును ప్రజలు చూచుటకు వీలుగ నేషనల్ ట్రస్టు అను సంస్థ కాపాడుచున్నది. అందు 1588 నాటి ప్రతితో బాటు పలు భాషల బైబిళ్లు ఉంచిరి. లాన్రూస్ట్ సంతలో బేరమాడువారు నేటికిని ఎక్కువగ వేల్సు భాషనే పలుకుదురు. 2011 జనాభా లెక్కలలో ఊరివారిలో సగమునకు మించినవారికి ఆ భాష వచ్చును.

కాన్వీ నది మాత్రము ఏ పత్రమునకును లొంగలేదు. 2020 ఫిబ్రవరిలో గాలివానకు పొంగి, తోటను ముంచి, దివాణము గడప దాటి లోనికి వచ్చెను. నీరు తీసిన పిమ్మట యజమానులు ఒండ్రు ఎత్తిపోసి, రాతినేల కడిగి, తలుపులు తెఱిచి ఆరబెట్టిరి.